ఇన్‌హేలర్ రాసిచ్చారు, పెట్టడం ఎవరూ చూపించలేదు

ఎడిటర్ గారికి నమస్తే,

మృగశిర కార్తె వస్తుందంటే మా బస్తీలో ఆయాసం పిల్లలున్న ప్రతి ఇంట్లో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ మాటే, చేప ప్రసాదం కోసం. నేను కూడా మా చిన్నోడిని ఎత్తుకుని వరసగా మూడేళ్ళు లైన్లో నిలబడ్డా. కొరమీను పిల్ల గొంతు దిగేటప్పుడు వాడు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడో ఇంకా గుర్తుంది. ప్రసాదం మీద వాదన పెట్టుకోడానికి రాయట్లేదు, మా వాడికైతే తగ్గలేదు, అంతే.

రాత్రి రెండు దాటితే చాలు, పిల్లికూతలు మొదలు, డొక్కలు లోపలికి పోయేవి. ఒక ఆసుపత్రిలో ఇన్‌హేలర్ (మా బస్తీలో పంపు అంటాం) రాసిచ్చి పంపేశారు. ఇంటికొచ్చి నోట్లో పెట్టి నొక్కితే మందంతా నాలుక మీద పడి వాడు ఉమ్మేసేవాడు, అలా ఏడాది గడిచింది, ఈలోపు పక్కింటి అక్కేమో "పంపు అలవాటు చేస్తే జీవితాంతం వదలదే" అని భయపెట్టింది, దాంతో మానేసి సిరప్‌కి వచ్చేశాం.

చివరికి బస్తీ దవాఖానలో ఒక నర్సమ్మ పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది. పంపుని బాగా ఊపి, పంపుకీ మాస్క్‌కీ మధ్య ఉండే స్పేసర్ అనే గొట్టానికి తగిలించి, మాస్క్ ముక్కూ నోరూ మూసేలా ఆనించి, ఒక్కసారి నొక్కి ఐదారు సార్లు ఊపిరి పీల్చనివ్వాలి, రెండోది కావాలంటే కాస్త ఆగి మళ్ళీ ఊపి నొక్కాలి. ఆయాసం వచ్చినప్పటి పంపు వేరు, రోజూ వాడేది వేరు, రోజూదాని తర్వాత నోరు పుక్కిలించాలి. నాకు కళ్ళు తెరిపించింది మాత్రం ఆమె చెప్పిన లెక్క: సాల్బుటమాల్ సిరప్ 5 ఎంఎల్ లో 2 మిల్లీగ్రాముల మందు, పంపు ఒక నొక్కుకి 100 మైక్రోగ్రాములు, అంటే ఒక స్పూన్ సిరప్‌లో 20 నొక్కుల మందు! పంపుకి భయపడి నేను తాగించింది అదన్నమాట.

స్పేసర్ కొనలేకపోతే 500 ఎంఎల్ నీళ్ళ సీసా అడుగున పంపు మూతి సరిగ్గా పట్టేంత బొక్క కోసి వాడొచ్చట, డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళు కూడా ఇదే చెప్తారంట. ఇంకో మాట, స్నానం చేయించి సాంబ్రాణి పొగ పట్టడం, తలుపులేసి దోమల కాయిల్ పెట్టడం, ఆ పొగలు ఆయాసాన్ని పెంచుతాయని తెలీక రెండూ నేను చేశా, ప్రేమతోనే చేశా.

ఇదంతా చూపించడానికి పది నిమిషాలు పట్టదు సార్. ఆశా వర్కర్లకి, అంగన్‌వాడీ టీచర్లకి ఒక్కో డమ్మీ పంపు, ఒక స్పేసర్ ఇస్తే ఏం పోతుంది, 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) టీములు బడికొచ్చి పిల్లల్ని చూస్తూనే ఉన్నాయి కదా, తల్లుల్ని కూడా పిలిపించి చేయించి చూడొచ్చు. పోస్టర్ వద్దు, మా బస్తీలో పోస్టర్లు గోడకే పనికొస్తాయి. వచ్చే మృగశిరకి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ లైన్ పక్కన ఆరోగ్య శాఖ వాళ్ళు ఒక టేబుల్ వేయాలి, ఆయాసం పిల్లల తల్లులు అంతమంది ఒకేచోట ఇంకెక్కడ దొరుకుతారు? సీసాలు కోయడానికి కత్తెర పట్టుకుని నేనొస్తా.

ఇట్లు,
ఒక అమ్మ, హైదరాబాద్