ఐసీయూ డాక్టర్లకు శిక్షణ ఏది?

సంపాదకుల వారికి,

అవయవదానంపై గత వారం మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. ఊరుకుందామనుకున్నా మనసొప్పక రాస్తున్నాను. ప్రజల్లో అవగాహన లేదు, మూఢనమ్మకాలు పోవాలి, అందరూ ప్రతిజ్ఞ పత్రాలపై సంతకాలు చేయాలి అని అధికారులు చెప్పిందంతా వేశారు. ఏటా ఇదే మాట. తప్పంతా జనానిదేనా? ఐసీయూలో ఏం జరుగుతోందని ఒక్కరూ అడగరేం?

ఎన్ని సంతకాలు పెట్టించినా చివరికి అంతా తేలేది ఐసీయూలోనే. మెదడు ఇక కోలుకోనంతగా పూర్తిగా ఆగిపోయిందని, అంటే బ్రెయిన్‌డెడ్ అని మొదట గుర్తించాల్సింది అక్కడి డాక్టరు. మత్తుమందుల ప్రభావం, ఒళ్లు చల్లబడటం లాంటివి కారణం కాదని ముందు తేల్చుకోవాలి. కంటిపాపలు వెలుగుకు స్పందిస్తున్నాయా, గొంతులో గొట్టం కదిపితే దగ్గు వస్తోందా, వెంటిలేటర్ తీసి చూసినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినా ఊపిరి కోసం ప్రయత్నం ఉందా అన్నవి పద్ధతి ప్రకారం చూడాలి. ఆ తర్వాత పని ఇంకా కష్టం. బీపీ పడిపోతుంది. మూత్రం విపరీతంగా పోయి ఒంట్లో నీరు, లవణాల లెక్క తప్పుతుంది. గంటగంటకూ కనిపెట్టి సరిదిద్దకపోతే, ఇంటివాళ్లు ఒప్పుకున్నా అవయవాలు పనికిరావు.

ఇక ఇంటివాళ్లతో మాట్లాడటం. మరణవార్త చెప్పడం, దానం గురించి అడగడం ఒకేసారి చేయకూడదు. మనిషి లేడన్నది వాళ్లకు అర్థమయ్యాకే రెండో మాట ఎత్తాలి. శిక్షణ లేని డాక్టరు "బ్రెయిన్ పోయింది, గుండె మాత్రం కొట్టుకుంటోంది" అనేసి వెళ్లిపోతాడు. గుండె కొట్టుకుంటోందంటే ఎవరికైనా ఆశ ఉండదా? అంతలోనే అవయవాలు ఇస్తారా అని అడిగితే, ఇంకొకరి కోసం మావాణ్ని చంపేస్తున్నారని అనుకోరా? దీన్నే అధికారులు మూఢనమ్మకం అంటున్నారు.

మా దగ్గరి బంధువుల విషయంలో ఇంటివాళ్లే ముందుకొచ్చి దానం చేస్తామన్నారు. ఎవరికి చెప్పాలో డ్యూటీ డాక్టరుకు తెలియలేదు. పైవాళ్లను కనుక్కుంటానన్నాడు. తెల్లవారేలోపు గుండె ఆగిపోయింది. ఆ కుర్రాణ్ని నేనేమీ అనను, అతనికి ఎవరూ నేర్పలేదు.

చట్టం మారిస్తే చాలనే వాళ్లు స్పెయిన్‌ను చూడాలి. బతికుండగా వద్దని చెప్పనివాళ్లను దాతలుగానే లెక్కించే చట్టం అక్కడ 1979లోనే వచ్చింది. పదేళ్లయినా పది లక్షల జనాభాకు ఏటా దాతలు 14 మంది దగ్గరే ఉన్నారు. 1989లో అవయవమార్పిడికి జాతీయ సంస్థ పెట్టి, డాక్టర్ రాఫేల్ మతెసాన్స్ ఆధ్వర్యంలో ఆసుపత్రుల్లోనే అవయవదానం పని చూసే కోఆర్డినేటర్లను నియమించి తర్ఫీదు ఇచ్చారు. వాళ్లలో ఎక్కువమంది ఐసీయూ డాక్టర్లే. తర్వాత ఆ సంఖ్య 40 దాటింది. చట్టం ఏమన్నా, కుటుంబాన్ని అడగకుండా అక్కడ ముందుకెళ్లరు. అడగడం వచ్చినవాళ్లు అడుగుతారు, అంతే తేడా.

ప్రభుత్వాలకు ప్రతిదాంట్లోనూ ఇదే జబ్బు. యంత్రాలు కొంటారు, ప్రారంభోత్సవాలు చేస్తారు, ర్యాలీలు తీస్తారు. పనిచేసే మనిషికి నేర్పడానికి మాత్రం డబ్బుండదు, తీరికుండదు. ఎప్పుడైనా శిక్షణ అన్నా, ఒక పూట స్లైడ్లు చూపించి సర్టిఫికెట్ చేతిలో పెడతారు. దుఃఖంలో ఉన్న తల్లితో ఎలా మాట్లాడాలో స్లైడ్లు చూస్తే వస్తుందా? ఎవరో ఒకరిని కుటుంబసభ్యుల స్థానంలో కూర్చోబెట్టి పదేపదే సాధన చేయించాలి. నర్సులనూ కలుపుకోవాలి. మరణాన్ని నిర్ధారించేవాళ్లకూ అవయవమార్పిడి చేసేవాళ్లకూ సంబంధం ఉండకూడదన్న నియమం ఎందుకో గట్టిగా చెప్పాలి. రోగిని బతికించడానికి చేయగలిగిందంతా చేశారన్న నమ్మకం లేకపోతే ఏ కుటుంబమూ ఒప్పుకోదు, ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు.

ఈసారి అవయవదానం వార్త వేసేటప్పుడు దయచేసి మీ విలేకరి చేత ఆరోగ్యశాఖను ఒక ప్రశ్న అడిగించండి. ఐసీయూల్లో రాత్రి డ్యూటీ చేసే డాక్టర్లలో ఎంతమందికి ఈ శిక్షణ ఇచ్చారు? ఆసుపత్రులవారీగా లెక్క చెప్పమనండి.

– ఒక పాఠకుడు