వేసవిలో మిత్ర నల్లులను అమ్మడం లేదు

శ్రీకాకుళంలోని మా నర్సరీ నుంచి మొక్కల రసం పీల్చే ఎర్రనల్లి నివారణకు, దానిని వేటాడి తినే మిత్ర నల్లుల సీసాలు తెప్పించుకున్నవారికి ఈ సంగతి నేనే చెప్పడం న్యాయం. ఈ ఏప్రిల్‌లో పంపిన సీసాల్లో చాలావాటిలోని నల్లులు మీకు చేరేసరికే చనిపోయాయి. తప్పు నాదే. సీసాలను అట్టపెట్టెలో సర్ది మధ్యాహ్నం బస్సులో వేయించాను; ఆ ఎండకు పెట్టె లోపల ఎంత వేడి పుడుతుందో ముందే ఆలోచించవలసింది. అలా నష్టపోయిన 14 మందికీ డబ్బు తిరిగి ఇస్తున్నాను. రసీదు పోయినా పరవాలేదు.

అయితే రవాణా సరిచేసినంత మాత్రాన సరిపోదు. ఈ నల్లుల గుడ్లు పొదగడానికి గాలిలో తగినంత తేమ ఉండాలి. కాగిన డాబా మీది కుండీల్లో అవి ఎండి ముడుచుకుపోతాయి. ఎర్రనల్లికి మాత్రం ఆ పొడి వేడే పండగ, వారం పది రోజుల్లోనే గుడ్డు నుంచి ఎదిగి మళ్లీ గుడ్లు పెడుతుంది. అందుచేత వానలు పడేవరకు అమ్మకం ఆపేశాను. అంతవరకు ఆకుల అడుగుభాగాన్ని నీటిధారతో కడుగుతూ ఉండండి, అందులో నాకు రూపాయి రాకపోయినా.

కొందరు నల్లులను వదిలిన మూడో రోజే వంగతోటకు పురుగుమందు కొట్టారు. ఆ మందులు కీటకాల కోసం చేసినవి; నల్లి కీటకం కాదు, సాలీడుకు దగ్గరి చుట్టమైన ఎనిమిది కాళ్ల ప్రాణి (మంచంలో నల్లి వేరు, భయపడకండి). పురుగుమందుల్లో సింథటిక్ పైరిథ్రాయిడ్ అనే రకం మందులు మిత్ర నల్లులను చంపుతాయి, ఎర్రనల్లి ఉద్ధృతిని తరచుగా పెంచుతాయి. ఇకమీదట ఏ మందు ఎప్పుడు కొట్టారో చెప్పినవారికే సీసా ఇస్తాను.

సోంపేట, కవిటి రైతులు కొబ్బరి నల్లికి ఇవి పనికివస్తాయా అని అడుగుతున్నారు. పనికిరావు. కొబ్బరి నల్లి లేత కాయ ముచ్చిక కింది ఇరుకులో దాగి రసం పీలుస్తుంది. మేము పెంచేది ఆకుల మీద సాలెగూడు అల్లే ఎర్రనల్లిని వేటాడే జాతి. కిందటేడు ఒకరిద్దరితో ‘వేసి చూడండి’ అన్నాను, అనకూడని మాట అది.

ప్రస్తుతం చిక్కుడు మొక్కల మీద ఎర్రనల్లిని పెంచి, దానినే మేతగా వేసి కొత్త తరాన్ని సిద్ధం చేస్తున్నాము. తెగులును చేజేతులా పెంచే నర్సరీ అని ఇంట్లో నవ్వుతూనే ఉన్నారు. వానలు మొదలయ్యాక సీసాలను తెల్లవారుజాము బస్సులోనే పంపుతాను. అందగానే సీసాలో నల్లులతో కలిసి ఉన్న ఊకను కొద్దిగా తెల్లకాగితం మీద పోసి భూతద్దంతో చూడండి. చురుగ్గా పరుగెత్తేవి కనిపించకపోతే ఆ రోజే ఫోన్ చేయండి.