చిక్కటి ఆయిల్ వద్దు చిన్నీ

ఒంగోలు,
ఆదివారం రాత్రి

చిరంజీవి చిన్నికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ టర్బో పెట్రోల్ కారుకి ఏ ఇంజిన్ ఆయిల్ పోయించాలని నువ్వు ఫోన్లో అడిగినదానికి అప్పుడే చెప్పేసేవాణ్ణి గానీ, నువ్వు ఆ మెకానిక్ ముందు నిలబడి మాట్లాడుతున్నావు, నేనేం చెప్పినా ఆయన ఇంకోటి చెప్పేట్టున్నాడు. అందుకని రాస్తున్నా. ఆయన చెప్పిన 20డబ్ల్యూ-50 అనే చిక్కటి ఆయిల్ పోయించొద్దు. మీ కారు మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అని ఉందన్నావు కదా, అదే పోయించు.

"నెల్లూరు ఎండలకి అది నీళ్లయిపోతుందమ్మా" అన్నాడట. ఈ మాట లారీలు చేసే రోజుల నుంచీ వింటున్నా. రోహిణి కార్తెలో బయట 44 డిగ్రీలు కాసినా, వేడెక్కిన ఇంజిన్‌లో కూలెంట్ 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. అది అక్కడే ఉండేలా చూడటం థర్మోస్టాట్ పని. ఆయిల్ కూడా వంద డిగ్రీలకి అటూ ఇటూ తిరుగుతుంది. ఊటీలో నడిపినా, కావలిలో నడిపినా పెద్ద తేడా రాదు. మన ఎండ మనకే ఎండ, ఇంజిన్‌కి కాదు. డబ్బా మీద 30 అన్న అంకె ఆ వంద డిగ్రీల దగ్గర కొలిచిన చిక్కదనం. కారు చేసినవాళ్లు బేరింగుల సందులు, ఆయిల్ పంపు అన్నీ ఆ చిక్కదనానికి తగ్గట్టే పెట్టారు.

ముందున్న 5డబ్ల్యూ చలికి సంబంధించిన అంకె. మనకి మంచు ఎక్కడిది అనుకోకు. నెల్లూరులో పొద్దున్నే బండి తీసేటప్పుడు కూడా ఆ ఆయిల్ వేడి మీద ఉన్నదానికన్నా దాదాపు పది రెట్లు చిక్కగా ఉంటుంది. 20డబ్ల్యూ-50 అయితే ఇంకా చిక్కన. అది టర్బో దాకా చేరడానికి పట్టే ఆ కాసేపట్లోనే అరుగుదల ఎక్కువ.

టర్బో సంగతి కొంచెం తెలిస్తే మిగతాది నీకే అర్థమవుతుంది. సైలెన్సర్‌కి పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో కొసన ఉన్న చక్రం గాలిని ఇంజిన్‌లోకి కుక్కుతుంది. చిన్న కార్లలో ఆ ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్లదాకా తిరుగుతుంది. అంత వేగంలో ఇనుము మీద ఇనుము ఆనితే మిగిలేదేమీ ఉండదు. వెంట్రుక కన్నా పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరగాలి. పైగా పొగ తగిలే వైపు పెట్రోల్ బండిలో 900 డిగ్రీల దాకా పోతుంది. మామూలు మినరల్ ఆయిల్ ఆ వేడికి మాడి, దోసెల పెనం అంచున పేరుకునే మడ్డిలాగా గట్టిపడి, టర్బోకి వెళ్లే సన్న గొట్టాన్ని మూసేస్తుంది. సింథటిక్ అంత తొందరగా మాడదు. డబ్బులెక్కువని వెనకాడకు.

గ్రేడ్, అంటే ఆ చిక్కదనం అంకెలు ఒక్కటే చూస్తే సరిపోదు. డబ్బా వెనక అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ వాళ్ల గుండ్రటి ముద్ర ఉంటుంది. దాని పై భాగంలో ఎస్‌పీ అని ఉండాలి, లేదా దాని తర్వాత వచ్చిన ఎస్‌క్యూ. పాత ఎస్ఎన్, ఎస్ఎం రకాలు చవగ్గా ఇస్తామంటారు, వద్దు. మీలాంటి చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లకి ఒక జబ్బు ఉంది. తక్కువ స్పీడులో పెద్ద గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కితే, సిలిండర్ గోడల నుంచి ఎగిరిన ఆయిల్, పెట్రోల్ చుక్కలు ప్లగ్గు నిప్పు పుట్టకముందే అంటుకుంటాయి. ఆ దెబ్బకి పిస్టన్ పగిలిన బండ్లున్నాయి. ఆయిల్‌లో మురికి కడగడానికి కలిపే కాల్షియం డిటర్జెంట్ ఎక్కువైతే ఇది పెరుగుతుందని తేలి, కొంత తగ్గించి మెగ్నీషియం కలిపారు. ఈ పరీక్ష నెగ్గిన ఆయిల్‌కే 2020 నుంచి ఎస్‌పీ ముద్ర ఇస్తున్నారు. మన షెడ్డులో టిప్పర్లకి పోసే, ఆ కాల్షియం ఎక్కువుండే డీజిల్ ఇంజిన్ ఆయిల్ బ్యారెల్ నిండా ఉన్నా నీ కారుకి చుక్క కూడా పోయనన్నది ఇందుకే. నువ్వు కూడా నలభైలో ఐదో గేరు వేసి లాగించే అలవాటు మానుకో.

మీ బావ డీజిల్ కారుకి నీ డబ్బా పనికిరాదు, చెప్పు. అతనిది కాలుష్యం తగ్గించే బీఎస్6 నిబంధనల బండి, పొగ గొట్టంలో ఫిల్టర్ ఉంటుంది. ఆయిల్ కాలగా మిగిలే బూడిద అందులో చేరితే మళ్లీ పోదు. అతను తక్కువ బూడిద వచ్చే, సీ3 అనే యూరప్ ప్రమాణం లాంటి రకం, వాళ్ల మాన్యువల్‌లో ఏది రాసుంటే అది కొనాలి.

ఎప్పుడు మార్చాలి అన్నావు. పుస్తకంలో పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది అని ఉంటుంది. అది హాయిగా హైవే మీద తిరిగే బండికి. నువ్వు రోజూ మాగుంట లేఔట్ నుంచి ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో నాలుగు కిలోమీటర్లు పోయి ఆపేస్తావు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, కాలని పెట్రోలు, తేమ ఆయిల్‌లోకి దిగుతాయి. ఆయిల్ కొలిచే పుల్ల, డిప్ స్టిక్ మీద మట్టం తగ్గకపోగా పెరిగి, పెట్రోలు వాసన వస్తే అదే కారణం. ఐదారు వేలకి మార్చెయ్. సెకండ్ హ్యాండ్ బండి, ముందు ఓనరు ఏం పోశాడో ఎవరికి తెలుసు? ఈ మొదటిసారి ఇంకా తొందరగా మార్చు. ఇంజిన్ ఫ్లష్ అని ఒక డబ్బా, మైలేజీ పెరుగుతుందని ఇంకో సీసా అంటగడతారు. రెండూ వద్దు.

హైవే మీద వేగంగా వచ్చి టీ కోసం ఆగినప్పుడు వెంటనే తాళం తిప్పెయ్యకు. ఒక నిమిషం ఉండనివ్వు. లేకపోతే ఎర్రగా కాలిన టర్బోలో ఆయిల్ నిలిచిపోయి అక్కడే మాడుతుంది.

మార్పించేటప్పుడు పక్కనే నిలబడు. బండి కొంచెం వేడిగా ఉండగా పాత ఆయిల్ దించాలి. ఫిల్టర్, డ్రెయిన్ ప్లగ్ వాషర్ రెండూ కొత్తవే వెయ్యాలి. పాత ఫిల్టర్ రబ్బరు ఇంజిన్‌కి అతుక్కుపోయిందేమో వేలితో తడిమి చూడమను. కొత్త ఆయిల్ పోశాక స్టార్ట్ చేసి, ఆయిల్ లైటు ఆరినా వెంటనే రేజ్ చెయ్యనివ్వొద్దు, ఫిల్టర్ నిండి టర్బోకి ఆయిల్ అందాలి. ఆపి ఐదు నిమిషాలయ్యాక మట్టం చూడు. పై గీత దాటితే తీసేయమను, ఎక్కువైనా నురగొచ్చి చేటే. ఖాళీ డబ్బా అక్కడ వదలకు, కోసి పారెయ్, లేకపోతే అందులోకి ఏదో నింపి ఇంకొకరికి అమ్ముతారు. దించిన నల్ల ఆయిల్ కాలవలో పోయనివ్వొద్దు. కంచె కర్రలకి చెద పట్టకుండా పూయడానికి మీ పెదనాన్న అడుగుతాడు, ఆయనకీ ఇవ్వకు. రీసైక్లింగ్‌కి కొనేవాళ్లు వచ్చి తీసుకుపోతారు.

లేదంటే వచ్చే ఆదివారం ఇక్కడికే రా, నేనే మారుస్తా. ఫిల్టర్, వాషర్ మాత్రం నెల్లూరులోనే కొనుక్కురా, మీ మోడల్‌వి ఇక్కడ రెండు షాపుల్లో అడిగాను, లేవు.

ఇట్లు,
మీ నాన్న