హక్కులు కావాలని పట్టుబట్టినవాళ్ల పేర్లు కూడా వేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ విద్య పేజీలో గ్రూప్స్ రాసే పిల్లల కోసం ఇచ్చే పాలిటీ బిట్లలో ‘ప్రాథమిక హక్కులు – అమెరికా, న్యాయ సమీక్ష – అమెరికా, ఉపరాష్ట్రపతి పదవి – అమెరికా’ అని ఎప్పటిలాగే ఒక వరుస ఇచ్చారు. పరీక్షలో ఆ జవాబుకి మార్కు వస్తుంది, కాదనను. కానీ దాని కిందే ఒక చిన్న వ్యాసంలో, 1787లో అమెరికా పెద్దలంతా ఫిలడెల్ఫియాలో కూర్చుని పౌరుల హక్కులతో సహా గొప్ప రాజ్యాంగం రాసుకుని ఏకగ్రీవంగా సంతకాలు చేసేశారన్నట్టు రాశారు. అది నిజం కాదండీ. సంతకాలు అందరూ పెట్టలేదు. హక్కుల పట్టిక అందులో లేదు, పెట్టమని అడిగితే వద్దన్నారు. జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి సివిక్స్ చెప్పి రిటైరైనదాన్ని, ఈ విషయంలో ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు సంగతి కొంచెం చెప్పాలి. బ్రిటన్ నుంచి విడిపోయిన 13 రాష్ట్రాలు 1781 నుంచి ఒక ఒప్పందం కింద కలిసి ఉన్నాయి. ఆ ఒప్పందంలో కేంద్రానికి పన్ను వేసే అధికారమే లేదు, యుద్ధం చేసిన సైనికుల బకాయిలు తీర్చాలన్నా రాష్ట్రాలను బతిమాలుకోవాలి, ఒక్క మాట మార్చాలన్నా పదమూడూ ఒప్పుకోవాలి. దిగుమతుల మీద 5 శాతం సుంకం వేసుకుంటామని కేంద్రం అడిగితే రోడ్ ఐలండ్ అనే చిన్న రాష్ట్రం ససేమిరా అంది. ఇంతలో 1786లో మసాచుసెట్స్‌లో అప్పుల కింద భూములు పోగొట్టుకుంటున్న రైతులు కోర్టులు తెరవనివ్వకుండా అడ్డుపడ్డారు, వాళ్లలో చాలామంది అంతకుముందు స్వాతంత్ర్య యుద్ధంలో తుపాకీ పట్టినవాళ్లే. డేనియల్ షేస్ అనే మాజీ కెప్టెన్ వెంట స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం దాకా వెళ్లారు. దాంతో ఆస్తిపరులకు టెన్షన్ పట్టుకుంది. 1787 మే 25న ఫిలడెల్ఫియాలో మొదలైన సభ వెనక ఈ భయం కూడా ఉంది, ఒట్టి ఆదర్శాలే లేవు.

పాత ఒప్పందాన్ని సరిదిద్దడానికని పిలిచి, వచ్చాక కొత్తది రాయడం మొదలుపెట్టారు. రోడ్ ఐలండ్ ఎవర్నీ పంపనే లేదు. తలుపులు మూసి కాపలా పెట్టారు, లోపలి మాట బయట పొక్కకూడదన్నారు. వర్జీనియా నుంచి వచ్చిన ప్రతినిధి జేమ్స్ మాడిసన్ రాసుకున్న నోట్సు 1840లో అచ్చయ్యాక గానీ లోపల ఎవరేం అన్నారో జనానికి వివరంగా తెలియలేదు. పెద్ద రాష్ట్రాలకూ చిన్న రాష్ట్రాలకూ మధ్య సీట్ల పంచాయితీ, జూలై 16న కుదిరిన రాజీ, అవన్నీ మీ బిట్లలో ఉన్నవే కాబట్టి వదిలేస్తాను.

మీ పేజీలో రానిది సెప్టెంబర్ 12 నాటి సంగతి. వర్జీనియా ప్రతినిధి జార్జ్ మేసన్, 1776లో తన రాష్ట్రానికి హక్కుల ప్రకటన రాసిన మనిషి, లేచి ఈ రాజ్యాంగానికి ముందు ఒక హక్కుల పత్రం ఉండాలన్నాడు. రాష్ట్రాల ప్రకటనలు ఎలాగూ ఉన్నాయి, వాటిని చూసి కొద్ది గంటల్లో రాసేయొచ్చన్నాడు. మసాచుసెట్స్ నుంచి వచ్చిన ఎల్‌బ్రిడ్జ్ గెరీ దాన్ని తీర్మానంగా పెట్టాడు. కనెక్టికట్‌కి చెందిన రోజర్ షెర్మన్, రాష్ట్రాల ప్రకటనలు అమల్లోనే ఉన్నాయి కదా, అవి చాలన్నాడు. ఓటు పెడితే ఒక్క రాష్ట్రం కూడా మేసన్ పక్షాన లేదు. నాలుగు నెలలు వేసవిలో కూర్చుని, ఇళ్లకు పోదామన్న తొందర మీద ఉన్నవాళ్లు కొద్ది గంటలు ఇవ్వలేకపోయారు. అయిదు రోజుల తర్వాత, సెప్టెంబర్ 17న, 39 మంది పేర్లు పత్రం మీదికి ఎక్కాయి. సభకు మొత్తం మీద వచ్చినవాళ్లు 55 మంది. చివరిదాకా ఉండి కూడా మేసన్, గెరీ, వర్జీనియా గవర్నర్ ఎడ్మండ్ రాండాల్ఫ్ సంతకం పెట్టబోమన్నారు. అందుకే పత్రం చివర ‘హాజరైన రాష్ట్రాల ఏకగ్రీవ సమ్మతితో’ అని జాగ్రత్తగా రాసుకున్నారు, రాష్ట్రాల లెక్కన ఏకగ్రీవమే గానీ మనుషుల లెక్కన కాదు. మీ వ్యాసకర్త బోల్తా పడింది అక్కడే అయి ఉంటుంది.

ఇక ఆ తర్వాత జరిగింది పత్రికల పని, అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. రెండు రోజులు తిరిగేసరికి, సెప్టెంబర్ 19న, పెన్సిల్వేనియా ప్యాకెట్ అనే పత్రిక రాజ్యాంగం మొత్తాన్ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా అచ్చు వేసింది. మిగతా ఊళ్ల పత్రికలు అందుకున్నాయి. జనం చదివారు, వాదించుకున్నారు, పత్రికలకు ఉత్తరాలు రాశారు, చాలామంది మారుపేర్లతో. న్యూయార్క్‌లో హామిల్టన్, మాడిసన్, జాన్ జే ముగ్గురూ పబ్లియస్ పేరుతో రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 85 వ్యాసాలు రాశారు. అవతల బ్రూటస్, కేటో లాంటి పేర్లతో వ్యతిరేకులు రాశారు. సుప్రీంకోర్టు కేంద్రం అధికారాన్ని పెంచుకుంటూ పోతుందనీ, దాన్ని సరిదిద్దే పైవాడు ఉండడనీ బ్రూటస్ అప్పుడే హెచ్చరించాడు. పిల్లలు బట్టీ పట్టే ‘న్యాయ సమీక్ష’, అంటే రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టాన్ని కోర్టు కొట్టేయడం, ఆ రాజ్యాంగంలో మాటగా ఎక్కడా లేదు, 1803లో ప్రధాన న్యాయమూర్తి మార్షల్ ఉన్న సుప్రీంకోర్టు తీర్పుతో స్థిరపడింది.

హక్కుల పట్టిక అక్కర్లేదన్న హామిల్టన్ వాదనను తేలిగ్గా తీసేయడం న్యాయం కాదు. పత్రికల మీద కేంద్రానికి అధికారమే ఇవ్వనప్పుడు, పత్రికల జోలికి పోకూడదని రాయడం దేనికి, అలా రాస్తే లేని అధికారం ఉందేమోనన్న అనుమానానికి మనమే తావిచ్చినట్టు కాదా అని అడిగాడు. తెలివైన ప్రశ్నే. కానీ అధికారం ఎప్పుడూ రాసిచ్చిన గీత దగ్గర ఆగదని మామూలు జనానికి తెలుసు, వాళ్ల అనుభవమే గట్టిదని నా అభిప్రాయం. రాజ్యాంగాన్ని ఆమోదించడానికి రాష్ట్రాల్లో పెట్టిన సభల్లో, మసాచుసెట్స్‌లో అది 187–168 ఓట్లతో గట్టెక్కింది, అదీ ‘ముందు ఆమోదించండి, ఈ సవరణలు తర్వాత తెస్తాం’ అన్న మాట మీద. వర్జీనియాలో 89–79, న్యూయార్క్‌లో 30–27. ఇటు పదిమంది అటు తిరిగినా ఈ రోజు అమెరికా చరిత్ర వేరేగా ఉండేది.

మాడిసన్ మొదట్లో ఇలాంటి పట్టికలను కాగితపు అడ్డుగోడలని కొట్టిపారేసినవాడే. పారిస్‌లో అమెరికా రాయబారిగా ఉన్న జెఫర్సన్ ఉత్తరాల్లో పోరు పెట్టాడు, అంతకంటే పెద్ద పోరు సొంత నియోజకవర్గంలో ఎదురైంది. 1789లో కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) దిగువ సభ ఎన్నికలో జేమ్స్ మన్రో మీద పోటీ చేస్తూ, మతస్వేచ్ఛ గురించి బెంగపెట్టుకున్న బాప్టిస్టు క్రైస్తవులకు సవరణలు తెస్తానని మాట ఇవ్వాల్సి వచ్చింది. గెలిచాక మాట నిలబెట్టుకున్నాడు, జూన్ 8న సభలో ప్రతిపాదన పెట్టాడు. కాంగ్రెస్ 12 సవరణలు రాష్ట్రాలకు పంపితే 1791 డిసెంబర్ 15 నాటికి 10 ఆమోదం పొందాయి. (మిగిలిన రెండింటిలో ఒకటి, సభ్యుల జీతాలకు సంబంధించింది, 1992లో ఆమోదం పొందింది!) వాక్స్వేచ్ఛ, పత్రికా స్వేచ్ఛ, వారంట్ లేకుండా ఇల్లు సోదా చేయకూడదనడం, జ్యూరీ విచారణ, ఇవన్నీ అలా వచ్చినవి. ఓడిపోయిన పక్షం పట్టుబట్టి గెలిచిన పక్షం చేత రాయించినవి.

మేసన్‌ను దేవుణ్ణి చేయమని అడగడం లేదు. బానిస వ్యాపారాన్ని సభలో తిట్టిన ఆ మనిషి ఇంట్లోనే బానిసలున్నారు. ఆ రాజ్యాంగం ‘బానిస’ అన్న మాట వాడకుండానే సీట్ల లెక్కలో వాళ్లను అయిదింట మూడు వంతులుగా లెక్కేసింది, 1808 దాకా ఆ వ్యాపారాన్ని ఆపకూడదంది. ఆ మచ్చ తుడవడానికి అంతర్యుద్ధం, 1865లో 13వ సవరణ కావాల్సి వచ్చాయి. అమెరికా గడ్డ మీద పుట్టిన బిడ్డ అమెరికా పౌరుడన్న మాట కూడా రాజ్యాంగంలోకి ఎక్కింది 1868లో, 14వ సవరణతో. 2025 జనవరిలో దాన్ని పరిమితం చేస్తూ అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చినప్పుడు అక్కడున్న మన తెలుగు పిల్లలూ ఇక్కడున్న తల్లిదండ్రులూ ఎంత కంగారుపడ్డారో మీ పత్రికే రాసింది. ఆ ఉత్తర్వును సవాలు చేసినవాళ్లు దేన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లారో, అది ఎవరి పోరాటంతో వచ్చిందో కూడా అప్పుడే రాయాల్సింది.

మనం కూడా ‘అమెరికా నుంచి తీసుకున్నాం’ అని ఒక్క మాటలో తేల్చేస్తాం. ఏం తీసుకోలేదో చెప్పం. అయిదో సవరణలోని ‘డ్యూ ప్రాసెస్’ (న్యాయమైన పద్ధతి పాటించకుండా ఎవరి స్వేచ్ఛనూ తీసేయకూడదనడం) అన్న మాటను మన రాజ్యాంగ సభ ఆలోచించి పక్కన పెట్టింది. అమెరికా జడ్జీలు దాన్ని అడ్డం పెట్టుకుని కార్మిక చట్టాలు కొట్టేశారని, ఆ మాట వద్దని వాదించినవాళ్లలో నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు ఒకరు. ఆయన భయం అర్థం చేసుకోదగ్గదే, కానీ ఆ మాట లేకపోవడం వల్ల 1950లో గోపాలన్ కేసులో, విచారణ లేకుండా మనిషిని నిర్బంధించే చట్టానికి కోర్టు దాదాపు పూర్తిగా తలవంచింది, 1978లో మేనకా గాంధీ కేసు దాకా ఆ పరిస్థితి మారలేదు. అక్కడ మొదటి సవరణ ప్రభుత్వం చేతులు కడితే, ఇక్కడ 1951 మొదటి సవరణ వాక్స్వేచ్ఛ మీద ఆంక్షలకు ప్రభుత్వానికి మరింత చోటిచ్చింది. గ్రూప్–1 రాసి రేపు ఆర్డీవోలు, డీఎస్పీలు కాబోయే పిల్లలు ఇది తెలుసుకోవద్దా?

మిమ్మల్ని రెండు అడుగుతున్నాను. విద్య పేజీలో తప్పు సరిదిద్ది, 1787 సెప్టెంబర్ నుంచి 1791 డిసెంబర్ దాకా జరిగిందాన్ని ఒక ఆదివారం వివరంగా వేయండి. రెండోది, శాసనసభలో ఏదైనా ముఖ్యమైన బిల్లు పెట్టినప్పుడు, ఎవరు ఎవర్ని ఏమన్నారన్నదే కాకుండా, ఓటింగ్‌కి ముందే ఆ బిల్లు పాఠాన్ని చదవగలిగే తెలుగులో అచ్చు వేయండి. 1948 ఫిబ్రవరిలో మన రాజ్యాంగం ముసాయిదాను ప్రచురించి అభిప్రాయాలు అడిగారు కదా, ఒక మామూలు బిల్లుకి ఆపాటి చేయలేమా? మీరు వేస్తే చదివి ఉత్తరం రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను, మా కాలనీ లైబ్రరీలో పొద్దున్నే పేపర్ కోసం కూర్చునేవాళ్ల చేత కూడా రాయిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సివిక్స్ లెక్చరర్, నెల్లూరు