శాతం సరే, దేని మీద?

సంపాదకులకు,

‘వృద్ధి 20 శాతం’ అని పేపర్లో కనబడితే చాలు, లెక్కల మాస్టారుగా రిటైరైన నా చెయ్యి పెన్సిల్ కోసం తడుముకుంటుంది. 2020 ఏప్రిల్-జూన్‌లో మన జీడీపీ (దేశం మొత్తం ఉత్పత్తి విలువ) అంతకుముందు ఏడు అదే మూడు నెలలతో పోలిస్తే సుమారు 24 శాతం పడిపోయింది. మరుసటి ఏడు అదే మూడు నెలల్లో 20.1 శాతం పెరిగిందన్నారు. వంద కాస్తా 76 అయ్యాక, ఆ 76 మీద 20 శాతం పెరిగితే వచ్చేది 91. ఇంకా తొమ్మిది బాకీ! సంబరం మాత్రం ఇరవైకి.

జనాభా లెక్కల్లో ఇంకో తమాషా. 1991-2001 మధ్య వృద్ధి 21.5 శాతం, తర్వాతి పదేళ్లలో 17.7. రేటు అంత తగ్గినా, రెండుసార్లూ కొత్తగా చేరిన జనం 18 కోట్ల పైచిలుకే. మొదలే పెద్దదైపోయింది మరి.

మా మనవడు 3 కిలోలు పుట్టాడు, ఏడాదికి 9 కిలోలయ్యాడు. రెండో ఏట రెండున్నర కిలోలే పెరిగాడని మా ఆవిడకి ఒకటే టెన్షన్. అంగన్‌వాడీ టీచర్ ఎదుగుదల కార్డులో గీత మీద వేలు పెట్టి, ‘ఈ వయసుకి ఇంతే అమ్మా’ అన్నాక గానీ కుదుటపడలేదు. ఏ అంకైనా దేనితో పోల్చాలో తెలిస్తేనే కదా అర్థమయ్యేది.

శాతం వేసిన ప్రతిచోటా దాని పక్కనే అసలు అంకె, ఏ ఏడాదితో పోల్చారో కూడా వేయించండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి