వలస పిట్టల కబుర్లకు కాస్త చోటివ్వండి

సంపాదకులు గారికి నమస్కారములు.

కార్తీకం మొదలైనప్పటి నుంచి కర్నూలులోని పక్షి ప్రేమికులు తాము చూసిన వలస పిట్టల వివరాలను ఒకరికొకరు తెలుపుకుంటున్నారు. గత ఆదివారం పొద్దున్నే కేసీ కాలువ గట్టున కరెంటు తీగ మీద బారుగా కూర్చున్న వానకోయిలలను, ఆ కింద బురదలో క్షణమైనా నిలకడ లేకుండా తోకాడిస్తున్న తెలుపు, బూడిద రంగుల చిన్న పిట్టను నేనూ చూశాను. మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాలను దాటి వచ్చే, తల వెనుక రెండు నల్లచారలుండే బాతుల కోసం గాజులదిన్నె జలాశయం దగ్గర ఇంకా ఎదురుచూస్తున్నాం.

అయితే ఈ ఉత్సాహంలో ఒక పొరపాటు జరుగుతోంది. 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యంగా ప్రకటించిన రోళ్లపాడు గడ్డిమైదానాలకు చలికాలంలో వచ్చే పిల్లిగద్దలు చెట్ల మీద కాక, పొద్దుగూకే వేళ గడ్డిలో నేల మీదనే గుంపుగా నిద్రకు దిగుతాయి కాబట్టి, ఆ చోటు ఫలానా అని ఫొటోతో సహా చాటితే మర్నాటికే బండ్లు గడ్డిని తొక్కుకుంటూ అక్కడిదాకా వెళ్తున్నాయి. నిరుడు నేనూ అలాగే చెప్పి, తర్వాత నొచ్చుకున్నాను. పిట్ట పేరు, తేదీ, మండలం చెబితే చాలు.

మిడతలను ఏరుకు తినే ఈ గద్దల సంగతి మాకంటే గొర్రెల కాపరులకే బాగా తెలుసు. వారు ఏ పిట్టను ఏ పేరుతో పిలుస్తారో కూడా రాసిపెట్టుకోవాలి. మీ జిల్లా పేజీలో సంక్రాంతి వరకు వారానికి నాలుగు పంక్తులు ఈ వివరాలకు కేటాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, కర్నూలు