నెగెటివ్‌లు ల్యాబ్‌లో వదిలేసి రాకండి

సంపాదకులు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో పాత ఫిల్మ్ కెమెరాల మీద వచ్చిన వ్యాసం చదివాను. నొక్కితే చాలు ఫోటో పడే ఆ బుల్లి కెమెరాలు కుర్రకారు చేతుల్లో మళ్లీ కనిపిస్తున్నాయంటే నాకు సంతోషమే. నేను కలర్ ల్యాబ్‌లో ప్రింటింగ్ మిషన్ ముందు కూర్చుని బతికినవాణ్ణి. ఆ కెమెరాలను చేత్తో పట్టుకున్నది తక్కువ, వాటిలోంచి వచ్చిన నెగెటివ్‌లను, అంటే రీలు కడిగాక ఫిల్మ్ మీద వెలుగునీడలు తారుమారై కనిపించే బొమ్మలను, లైటుకి పెట్టి చూసింది ఎక్కువ. అందుకే వ్యాసంలో ఒకచోట నా కళ్లు ఆగిపోయాయి. రీలు ల్యాబ్‌లో ఇచ్చేస్తే ఫోటోలు ఫోన్‌కే వచ్చేస్తాయని, మళ్లీ వెళ్లే పని లేదని రాశారు.

వెళ్లాలండీ. నెగెటివ్‌లు తెచ్చుకోవడానికి వెళ్లాలి.

రాత్రిపూట చీకటి గుమ్మం ముందు నిలబడ్డ పాపని ఫ్లాష్ వేసి తీశారనుకోండి. ప్రింటింగ్ మిషన్‌కి పాప తెలియదు, గుమ్మం తెలియదు. ఫ్రేమ్ మొత్తం మీద సగటు కడుతుంది. ఇంత నలుపేమిటని వెలుగు పెంచేస్తుంది. దాంతో నలుపు కాస్తా బూడిద రంగులోకి దిగుతుంది, పాప మొహం ముక్కూ చెంపా తేడా తెలియకుండా పాలిపోతుంది. అదే నెగెటివ్‌ను భూతద్దం కింద పెట్టి చూడండి. మొహం ఉన్నచోట దట్టంగానే ఉంటుంది గానీ కనుబొమలు, నుదుటి మీద చెదిరిన జుట్టు, పెదాల అంచు, అన్నీ అందులో ఉంటాయి. ప్రింటు ముదురుదనాన్ని మార్చే డెన్సిటీ మీట రెండు మెట్లు జరిపి మళ్లీ ప్రింట్ వేస్తే పాప మొహం తిరిగొస్తుంది. మాకు డెన్సిటీకి ఒక వరస మీటలు, రంగులు సరిచేయడానికి సయాన్, మెజెంటా, ఎల్లోలకు మూడు వరసలు ఉండేవి. ఫ్రేము ఫ్రేముకీ కంటితో చూసి నొక్కడమే పని. ఒకే నెగెటివ్‌ను ఇద్దరు ఆపరేటర్లకి ఇస్తే రెండు రకాల ఫోటోలు వచ్చేవి. భోజనానికి ముందు వేసిన ప్రింటుకీ తర్వాత వేసిన ప్రింటుకీ పోలిక లేదని మాలో మేమే నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు నెగెటివ్‌ను మీ ఫోన్‌కి పంపే ఫోటోగా మార్చే స్కానర్ ముందు కూర్చున్నవాళ్లదీ అదే తంతు. ఫిల్మ్ రంగులని మీ వ్యాసకర్త మురిసిపోయినవాటిలో ఎన్ని ఫిల్మువో, ఎన్ని ఆ మీటలవో నేనైతే ఒట్టేసి చెప్పలేను.

స్కాన్ నచ్చకపోతే నెగెటివ్ ఉన్నవాడు ఇంకోచోట మళ్లీ చేయించుకుంటాడు. లేనివాడు ఫోన్‌లో ఉన్నదాన్నే అటు లాగి ఇటు లాగి చూసుకోవాలి. చాలా ల్యాబులు నెగెటివ్‌లను కొన్నాళ్లే ఉంచుతాయి, ఎవరూ రాకపోతే పారేస్తాయి. వాళ్లను అనడానికీ లేదు, ఎన్నని దాస్తారు?

ఇంకో సంగతి ఉంది. ఈ కెమెరాలన్నీ వయసు మళ్లినవి. పెద్ద ఎత్తున తయారై అమ్ముడైన మొదటి ఆటోఫోకస్ కెమెరా, అంటే తనంతట తానే ఫోకస్ చూసుకునేది, కొనికా సి35 ఏఎఫ్ 1977 నాటిది. మీరు బొమ్మలు వేసినవాటిలో ఒలింపస్ మ్యూ-2 అన్నిటికంటే కుర్రది, అది కూడా 1997లో వచ్చింది. ఇంత వయసున్న కెమెరా జాతకం నెగెటివ్ మీదే ఉంటుంది, చదవడం తెలియాలి గానీ.

ఫిల్మ్ అంచుల్లో, రంధ్రాల పక్కన, ఫిల్మ్ పేరూ ఫ్రేమ్ నంబర్లూ ఉంటాయి చూడండి. అవి ఫ్యాక్టరీలోనే వెలుగు చూపించి పెట్టిన గుర్తులు, రీలు కడిగినప్పుడు బయటపడతాయి. వాటికీ మీ కెమెరాకీ సంబంధం లేదు. అంకెలు స్పష్టంగా నల్లగా ఉండి బొమ్మ మాత్రం పలచగా ఉందంటే, లోపలికి వెలుగు చాలలేదు, అది కెమెరా వైపు లోపం. అంకెలు కూడా వెలిసినట్టుంటే కడగడంలోనే తేడా జరిగింది. కలర్ నెగెటివ్‌ను బొమ్మను బయటికి తెచ్చే డెవలపర్ అనే కెమికల్‌లో దాదాపు 38 డిగ్రీల సెల్సియస్ దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు ఉంచాలి. వేడి తగ్గినా, కెమికల్ నీరసించినా అంకెలే ముందు చెప్పేస్తాయి. స్కాన్‌లో ఆ అంచులు కత్తిరించేస్తారు. ఇక తప్పు ఎవరిదని ఎవరిని అడుగుతారు? ల్యాబ్‌వాడు కెమెరా అంటాడు, కెమెరా అమ్మినవాడు ల్యాబ్ అంటాడు.

నారింజ రంగు చారల్ని వ్యాసంలో అందం కింద జమకట్టారు. వెనక మూత గాడుల్లో ఉండే నల్లటి ఫోమ్ ఏళ్లు గడిచేకొద్దీ జిగురుగా మారి రాలిపోతుంది. ఆ సందులోంచి వెలుగు దూరితే ఆ చారలు పడతాయి. ఇలా వెనకనుంచి దూరిన వెలుగు నెగెటివ్ మీద బొమ్మ గీత దాటి రంధ్రాల దాకా పాకుతుంది. మరక బొమ్మ లోపలే ఆగిపోతే లెన్స్ వైపునుంచి వచ్చిందేమో చూసుకోవాలి. ఫోమ్ కొత్తది అతికించడం ఓపికున్న ఎవరైనా చేయగలరు. చారలే కావాలంటారా, మీ ఇష్టం. కెమెరా ఒళ్లు మాత్రం విప్పకండి. సెల్లు తీసేసినా ఫ్లాష్ కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టులు నిలవ ఉండొచ్చు.

మాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన ఫోటో ఏదంటే, పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు మనుషులు మసగ్గా, వాళ్ల మధ్య సందులో కనిపించే గోడ మాత్రం సున్నం పెచ్చులతో సహా నిఖార్సుగా. కెమెరా ఫోకస్ నడిమధ్యలో ఏముంటే దాని మీద పడుతుంది మరి. ఫోన్ తెరమీద ఇది తెలియదు, ఫిల్మ్ అంటే ఇంత మెత్తగా ఉంటుంది కాబోలు అనుకుంటారు. భూతద్దంలో గోడ స్పష్టంగా కనిపిస్తే కెమెరా లక్షణంగా ఉన్నట్టే. ఒకరి మొహాన్ని మధ్యలోకి తెచ్చి, బటన్ సగం నొక్కి పట్టుకుని, అప్పుడు ఇద్దరినీ ఫ్రేములోకి తెచ్చి పూర్తిగా నొక్కితే సరిపోతుంది. బొమ్మలో ఏ మూలా ఏదీ స్పష్టంగా లేకపోతేనే చెయ్యి కదిలిందో, ఫోకస్ చెడిందో చూడాలి.

మీ వ్యాసంలో ఇచ్చిన పేరున్న కెమెరాల జాబితా గురించి ఒక్క మాట. కాంటాక్స్ టీ2 టైటానియం ఒళ్లు, జైస్ కంపెనీ లెన్స్, కాదనను. లోపలి సర్క్యూట్ పోతే ఆ ఒళ్లు ఏం చేసుకోవాలి? 1967లో వచ్చిన ఒలింపస్ ట్రిప్ 35 సంగతి మీరు ఎత్తనే లేదు. దానికి సెల్లే అక్కర్లేదు, లెన్స్ చుట్టూ ఉన్న, వెలుగును కొలిచే సెలీనియం మీటర్ ఆ వెలుగుతోనే పనిచేస్తుంది. వెలుగు చాలకపోతే కంటికి ఎర్ర జెండా చూపించి బటన్ పడనివ్వదు. పలచటి నెగెటివ్‌లు తక్కువగా తెచ్చే కెమెరాలంటే మాకు ప్రాణం.

ఈసారి ఇలాంటి వ్యాసం వేసినప్పుడు నెగెటివ్‌లు అడిగి తెచ్చుకోమని ఒక వాక్యం చేర్చండి. ఇప్పటికే రీలు ఇచ్చి స్కాన్‌లు అందుకున్న పాఠకులు ఇవాళే ల్యాబ్‌కి ఫోన్ చేసి, పారేయొద్దని చెప్పండి. చుట్టచుట్టి డబ్బాలో కుక్కి ఇవ్వకుండా, 36 ఫ్రేముల రీలును ముక్కకి ఆరు ఫ్రేముల చొప్పున కత్తిరించి, పలచటి తొడుగుల్లో పెట్టి ఇమ్మనండి. తొడుగు మీద నెల, సంవత్సరం, ఏ కెమెరాతో తీశారో రాసుకోండి. రెండు కెమెరాలున్నవాళ్లకు ఫోమ్ దేనికి మార్చాలో అప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

ఇట్లు,
కలర్ ల్యాబ్‌లో పనిచేసి విరమించిన ఒక పాఠకుడు